జపాను నోట్లకి బొట్టు

మా తాతయ్యకి ఫొటో లేదు. అమ్మని కన్న తండ్రి సంగతి చెప్తున్నాను. ఫొటో లేని మనిషికి ఏటా తిథి నాడు పెట్టుకోవాలంటే దేనికి దణ్ణం పెడతారు? మా ఇంట్లో అయిదు నోట్లకి పెట్టేవాళ్లం. నాలుగు పది రూపాయల నోట్లు, ఒక వంద రూపాయల నోటు. ఇక్కడివి కావు, రంగానివి. రంగం అంటే రంగూన్, మా రేవుల వైపు వాళ్లకి ఆ ఊరు ఎప్పుడూ రంగమే. నోటు మీద గోపురంలాంటి పగోడా బొమ్మ, పైన ఇంగ్లీషులో జపాన్ గవర్నమెంట్ అని అచ్చు ఉండేవి. ఫాల్గుణ బహుళ దశమి రోజు అమ్మ వాటిని పీట మీద పెట్టి, పై నోటుకి బొట్టు పెట్టి, ముందు విస్తరి వేసి, "నాన్నా, తినండి" అనేది. ఏళ్ల తరబడి పెట్టిన కుంకానికి పగోడా సగం కనపడకుండా పోయింది.

నవ్వుకుంటే నవ్వుకోండి. నేనూ కాలేజీ రోజుల్లో నవ్వి అమ్మ చేత చెంపదెబ్బ తిన్నాను. మా అమ్మ నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే.

ఆ నోట్ల కథ మా అమ్మమ్మ నాలుగు ముక్కల్లో చెప్పేది. "బాంబులు పడ్డాయి. నడిచొచ్చాం. కొండల్లో మీ తాతకి జొరం తగిలింది. పుట్టబోయే బిడ్డకని ఈ నోట్లు నా చేతిలో పెట్టి కన్ను మూశాడు." అంతే. అయిదో ముక్క అడిగితే లేచి వెళ్లిపోయేది. తిథికి ఏటా ఆ నోట్లు పట్టుకుని అందరం నాగాయలంకలో ఆవిడ ఇంటికే వెళ్లేవాళ్లం. వంటంతా తనే చేసేది. చేపల పులుసు, పెసర గారెలు, పరమాన్నం, ఏదీ తక్కువ చేసేది కాదు. కానీ విస్తరి వేసే వేళకి మాత్రం ఇంట్లో ఉండేది కాదు. నాగాయలంక రేవు గట్టు మీద కూర్చుని, మేమంతా తినేశాక వచ్చేది. ఆ వంటలో ఒక్క మెతుకు ముట్టేది కాదు. ఎంత ప్రేమో మొగుడంటే, తట్టుకోలేకపోతోంది అనుకునేవాళ్లం. ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అమ్మ సంగతి వేరు. తండ్రిని చూడలేదు, గొంతు వినలేదు. కానీ మా నాన్నతో మాటామాటా వచ్చినప్పుడల్లా, "మా నాన్నే ఉంటేనా" అని ఆ నోట్లున్న బీరువా వైపు తిరిగేది. "ప్రాణం పోతూ కూడా నన్నే తలుచుకున్నాడు, నా మొహం చూడకుండానే" అని చెప్పుకునేది, కొత్తగా పరిచయమైన వాళ్లకి కూడా. ఉప్పెనకి నాగాయలంకలో అమ్మమ్మ ఇల్లు కొట్టుకుపోయినా, నోట్లు బందరులో మా బీరువాలో ఉండబట్టి మిగిలాయి. అది కూడా వాళ్ల నాన్న మహిమే అంది. ఆవిడకి పుట్టిల్లు అంటూ ఏదైనా ఉందంటే ఆ అయిదు కాగితాలే.

అలాంటి నోట్లని నేను గుడివాడ పట్టుకుపోయాను. ఎందుకంటారా? గొప్పకి. ఇంకేముంది.

అప్పటికి రెండువేలో, రెండువేల ఒకటో. గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పరీక్షలకి ముందు మా స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. ఇళ్లలో పాత వస్తువులుంటే టీచర్లు కూడా తెమ్మన్నారు. ఒకావిడ ఇత్తడి కావిడి బిందెలు తెచ్చింది, డ్రాయింగ్ మాస్టారు పెడన నుంచి వందేళ్లనాటి అద్దకం అచ్చులు తెచ్చారు. నేనేం తక్కువ? బందరు వెళ్లి అమ్మని బతిమాలాను. "తిథికి ఇంక ఆరు రోజులేగా ఉంది" అంది. "రెండు రోజుల్లో తెచ్చేస్తానమ్మా" అన్నాను. కొత్త జేబురుమాలులో చుట్టి, నా హ్యాండ్‌బ్యాగులో తనే పెట్టి, జిప్పు తనే లాగింది. బస్సెక్కేదాకా ఆ బ్యాగు వంకే చూస్తూ నిలబడింది.

ఎగ్జిబిషన్‌లో అందరికంటే పెద్ద బల్ల ఒక సాయిబుగారిది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, బందరులో ఉంటారు. యుద్ధాలప్పటి డబ్బు కూడబెట్టడం ఆయన పిచ్చి. హెడ్‌మాస్టారు పిలిస్తే రెండు సూట్‌కేసులతో వచ్చారు. పిల్లలు ఈగల్లా ముసిరారు. రాగి అంతా తూటాలకి కావాలని నడిమధ్య చిల్లు పెట్టి వదిలిన ఇక్కడి పైసాలు చూపించారు. మా చిన్నప్పుడు జాలర్ల పిల్లల మొలతాళ్లకి అవే కట్టేవాళ్లు. చిల్లర దొరక్క సంస్థానాలు అచ్చేసిన అట్టముక్కలు చూపించారు. ఎక్కడో దూరదేశంలో ఒక ఊరిని శత్రువులు నెలల తరబడి చుట్టుముడితే, లోపల వెండి అయిపోయి, ప్రార్థన పుస్తకాలు చింపి ఆ కాగితాలనే అతికించి నాణేలుగా గుద్దుకున్నారట. ఆ నాణెం జిరాక్సు కాపీ చూపించారు.

"కాగితం డబ్బెలా అవుతుంది తాతగారూ?" అంది ఒక ఏడో తరగతి పిల్ల.

"అందరూ డబ్బనుకుంటే అవుతుందమ్మా. తినడానికి ఎలకలు కూడా దొరకని ఊళ్లో ఏదో ఒకటి అనుకోవాలి కదా," అన్నారాయన. పిల్లలంతా ఛీ అని మూతులు విరిచారు.

నా వంతు వచ్చింది. పిల్లల ముందు గొంతు పెంచి మా తాతయ్య కథంతా చెప్పాను. కొండల్లో జ్వరం, కడుపుతో ఉన్న భార్య, ఆఖరి ఘడియలో చేతిలో పెట్టిన నోట్లు. ఇద్దరు ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఇంకా ఊపొచ్చింది. సాయిబుగారు కళ్లజోడు సర్దుకుని, నోట్లని అంచులు పట్టుకుని చూశారు. కుంకం మరక చూసి, "పూజలో పెడతారా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన వాటిని మెల్లగా కింద పెట్టేశారు.

"తాతగారు బయల్దేరింది ఎప్పుడో చెప్పారా మీ పెద్దవాళ్లు?"

"బాంబులు పడగానే అండీ. జపాను సైన్యం ఊళ్లోకి రాకముందే బయటపడ్డారు. దారిలోనే పోయారు."

 ఆయన నా పక్కకి జరిగి, పిల్లలకి వినపడకుండా గొంతు తగ్గించి అన్నారు. "అమ్మా, ఇవి జపాను వాళ్లు రంగూన్ పట్టుకున్నాక, అక్కడ మిగిలిపోయిన జనానికి ఇచ్చిన నోట్లు. సైన్యంతో పాటే వచ్చాయి. ముందే బయల్దేరి వచ్చేసినవాళ్ల చేతికి ఎలా వస్తాయి?"

నాకు కోపం ముక్కు మీదుంటుంది. మా స్టాఫ్‌రూమ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. "అంటే ఏంటండీ, మా అమ్మమ్మ అబద్ధం చెప్పిందంటారా?" అని గట్టిగా అరిచాను. హాలంతా ఇటు తిరిగింది. "మీరు చూశారా? మీరున్నారా అక్కడ?"

"నేనెవర్నీ ఏమీ అనట్లేదమ్మా. నోటు మీద ఉన్నదే చదువుతున్నాను. కూర్చోండి," అని తన కుర్చీ నాకిచ్చి, మంచినీళ్ల సీసా చేతిలో పెట్టారు. నేను కూర్చోలేదు. ఆయనే అన్నారు, యుద్ధం అయిపోయి తెల్లవాళ్లు తిరిగొచ్చాక ఇవి చెల్లవని చెప్పేశారట, అక్కడ వీధుల్లో కసువుతో పాటు ఊడ్చి పారేశారట. నేను సగమే విన్నాను. నా కళ్లు నోటు పైనున్న ఆ ఇంగ్లీషు అక్షరాల మీదే ఉన్నాయి. జపాన్ గవర్నమెంట్. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. జపాను వాళ్లు రాకముందే వచ్చేసిన మనిషి దగ్గర జపాను నోటు ఏంటి? మూడో తరగతి పిల్లాడు వేసే లెక్క. లెక్కల టీచర్ని, ఒక్కరోజైనా వేశానా? ఛీ, నా చదువు తగలెయ్య.

నోట్లో నువ్వుగింజ నానదంటారు, అది నా గురించే. ఎవరితో చెప్పకూడదో వాళ్లకే ముందు చెప్పాను. స్కూలు ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. అందులో దూరి బందరు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా అమ్మకి మొత్తం చెప్పేశాను. "తాతయ్య దారిలో చనిపోయి ఉంటే ఈ నోట్లు ఆయన దగ్గర ఉండే వీల్లేదటమ్మా" అన్నాను.  అద్దం వెనక ఎర్ర అంకెలు మారుతున్నాయి.

"అమ్మా, ఉన్నావా?"

"సరే. పెట్టెయ్, బిల్లవుతుంది," అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అరవై ఏళ్లకి దగ్గరపడిన మనిషికి ఉన్న ఒక్క తండ్రిని ఫోన్లో లాగేసుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఏదో పొరపాటు అయ్యుంటుంది, అమ్మమ్మని అడిగి అసలు సంగతి తెలుసుకుని, అమ్మకి తండ్రిని తిరిగి ఇచ్చెయ్యాలి అనుకున్నాను. అదొక్కటే నా ఆశ.

మర్నాడు ఆదివారం. మొదటి బస్సుకి బయల్దేరి, అవనిగడ్డలో మారి, ఎండెక్కేలోపు నాగాయలంకలో దిగాను. అమ్మమ్మ అరుగు మీద గోనెపట్టా పరుచుకుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. అప్పటికి డెబ్బై ఏడో, ఎనిమిదో ఉంటాయి. అయినా బేరానికి కూర్చుంటే ఊళ్లో ఎవరూ గెలిచేవాళ్లు కాదు.

"ఏమే, తిథికింకా నాలుగు రోజులుందిగా, ఇప్పుడే ఊడిపడ్డావ్?" అంది. "మీ ఆయన తరిమేశాడా?"

నేను నవ్వలేదు. నోట్లు తీసి పట్టా మీద పెట్టి, సాయిబుగారు చెప్పింది చెప్పాను.

"ఎవడే వాడు? వాడికేం తెలుసు? వాడి మొహం," అని మొదలెట్టింది. చేతులు మాత్రం ఆగలేదు. తల తుంచడం, రొయ్య బుట్టలో వెయ్యడం. "అమ్మమ్మా, నా మీద ఒట్టు," అన్నాను. అప్పుడు ఆగాయి.

"ఒట్టు తీసెయ్," అంది.

"తియ్యను."

రొయ్యల బుట్ట పక్కకి జరిపింది. తర్వాత, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "వాడు చావలేదే."

నాకు అర్థం కాలేదు. ఎవరు అన్నాను.

"ఎవరేంటి, మీ తాత. నన్ను గుంపుతో పంపించి, జీతం డబ్బులు రావాలి, తీసుకుని వెనకాల ఓడకి వస్తానన్నాడు. నాకు అయిదో నెల. నడిచానమ్మా, కాళ్లు పుళ్లు పడి పురుగులు పట్టేలా నడిచా. బందరు అవతల మా అత్తగారి ఊరు చేరి మీ అమ్మని కన్నా. నాలుగేళ్లు బొట్టు పెట్టుకుని ఎదురుచూశా. ఓడ వచ్చిందంటే చాలు, రేవుకి పరిగెత్తడమే. యుద్ధం అయిపోయాక మా ఊరి మనిషి ఒకడు రంగం నుంచి దిగాడు. గుడ్డలో కట్టిన ఈ నోట్లు నా చేతిలో పెట్టాడు. 'అన్న ఇమ్మన్నాడు వదినా, బిడ్డకట. అన్న ఇంక రాడు. అక్కడ బర్మా ఆవిడ ఉంది, ఇద్దరు పిల్లలు' అన్నాడు."

 ఆవిడ నా వైపు చూడటం లేదు. రేవు వైపు చూస్తోంది.

"ఏడ్చా. ఏడ్చి, పోనీలే, పిల్లనైనా తలుచుకున్నాడు కదా అనుకున్నా. నూట నలభై రూపాయలంటే మాటలా! ఆ రోజుల్లో అది ఎంత డబ్బో నీకేం తెలుసు. పిల్లని ఎత్తుకుని బందరు వెళ్లి బట్టల కొట్టు మెట్లెక్కా. ఎర్ర పరికిణీ ఒకటి బేరం చేసి అక్కడే తొడిగా. మీ అమ్మ గిరగిరా తిరుగుతోంది కొట్లో. నోటు ఇచ్చా. షావుకారు అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వడం మొదలెట్టాడే. పక్క కొట్టువాళ్లని కూడా పిలిచాడు. 'రండి రండి, రంగం రాణిగారు జపాను డబ్బు తెచ్చింది' అని. ఇవి అక్కడే చెల్లవట, ఇక్కడ చెల్లుతాయా. అందరూ చూస్తుండగా మీ అమ్మ ఒంటి మీద పరికిణీ విప్పించారు. నేనే విప్పా, ఈ చేతుల్తో. దాన్ని పట్టుకుని వదల్లేదు పిచ్చిది, గోళ్లతో రక్కింది నన్ను."

మా అమ్మకి ఇది ఏదీ గుర్తు లేదు. గుర్తుంటే ఎప్పుడో చెప్పేది.

"తిన్నగా ఆ రంగం నుంచి వచ్చినవాడి దగ్గరికి పోయి అడిగా. ఇవి చెల్లవని మీ అన్నకి తెలుసా తెలియదా అని. తల వంచుకున్నాడు. 'అక్కడ పిల్లలు వీటితో గాలిపటాలు చేసుకుంటున్నారు వదినా, తెలియకుండా ఎలా ఉంటుంది' అన్నాడు." అమ్మమ్మ పమిటతో మూతి తుడుచుకుంది. "బిడ్డ ఉందని తెలుసు. డబ్బు చచ్చిందనీ తెలుసు. తెలిసే పంపాడు. పంపకపోయినా బాగుండేది. చచ్చిన డబ్బు పంపినోడు నాకు చచ్చినోడే అనుకున్నా. ఆ పూటే కాలవలో తలమునకా తానం చేసి బొట్టు చెరిపేసుకున్నా. మొగుడు వదిలేసినదంటే ఊరకుక్కలకి లోకువ, మొగుడు పోయినదంటే కనీసం జాలైనా పడతారు. వారం తిరక్కుండా పిల్లని తీసుకుని, నన్నెరిగినోళ్లు ఒక్కళ్లూ లేని ఈ లంకకొచ్చిపడ్డా."

"ఆ రోజు..." అన్నాను. అడగక్కర్లేకపోయింది.

"ఫాల్గుణ బహుళ దశమి," అంది.

 మేం ఏటా విస్తరి వేసి, దణ్ణాలు పెట్టి, గారెలు తిన్నది ఆవిడని బట్టల కొట్లో నవ్వులపాలు చేసిన రోజునా! ఆ రోజు వంటంతా ఆవిడే చేసేదే, దేవుడా! నా చిన్నప్పుడు ఇంకో గారె వెయ్యమని ఆవిడ మీద అలిగాను కూడా.

"మరి ఎందుకు దాచావ్ ఈ దరిద్రాన్ని? పొయ్యిలో పెట్టకపోయావా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

"ఎప్పటికైనా వస్తే మొహాన కొడదామని దాచా. మీ అమ్మకి ఏడేళ్లప్పుడు పెట్టె తీసి, ఇవేంటమ్మా అంది. ఏం చెప్పను? నోటికొచ్చింది చెప్పా. తెల్లారి చూస్తే వాటికి బొట్టు పెట్టి దణ్ణం పెడుతోంది. ఏం చెయ్యమంటావ్, చెయ్యి విరగ్గొట్టనా? నాన్న పోయిన రోజు ఏదమ్మా అనడిగింది. నాకు గుర్తున్నది ఆ ఒక్కరోజే. అదే చెప్పా."

గేటు చప్పుడైంది. అమ్మ. బందరు నుంచి ఒక్కతే వచ్చింది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. ఎప్పుడూ వాకిట్లో విప్పే చెప్పులు విప్పలేదు. వచ్చి గడప మీద కూర్చుంది. పట్టా మీదున్న నోట్లు చూసింది. నన్ను చూసింది. నా మొహం చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది.

"నువ్వే చెప్పమ్మా," అంది అమ్మమ్మతో. "దాచకుండా చెప్పు."

అమ్మమ్మ చెప్పింది. వెనకాల ఓడకి వస్తాననడం, రాకపోవడం, బర్మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. నోట్లు చెల్లలేదనీ, ఆ కోపంతో బొట్టు చెరుపుకున్నాననీ చెప్పింది. పరికిణీ సంగతి మాత్రం ఎత్తలేదు. అమ్మ కదలకుండా వింది. తనకి ఎక్కడో ఇద్దరు తోబుట్టువులున్నారన్నప్పుడు కూడా కనురెప్ప వాల్చలేదు. నేను దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. నామీద అంత కోపం ఎప్పుడూ చూడలేదు, న్యాయమే.

"బతికున్నాడా?"

"ఇంకెక్కడ! నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఎప్పుడో పోయుంటాడు."

అమ్మ ఒక నోటు తీసి, పమిట చెంగుతో కుంకం తుడవబోయి మానేసింది.  గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"ఒక్కటి చెప్పమ్మా. ఇవి చెల్లవని ఆయనకి తెలుసా?"

 ఇంకేదైనా అడక్కూడదా! పెళ్లాం, పిల్లలు, మోసం, ఏదీ కాదు, అదే అడగాలా? అమ్మమ్మ వైపు చూశాను. ఈ ఒక్క కథ తప్ప మనసులో ఏదీ దాచుకోని మనిషి. ఎదుటివాళ్లు ఏమైపోయినా సరే ముఖం మీద చెప్పేసే మనిషి. అంతకు గంట ముందే, తెలిసే పంపాడు అని నాతో అంది. యాభై ఏళ్లకి పైగా ఆ ఒక్కమాట నమిలి నమిలి బతికింది.

"తెలీదే," అంది అమ్మమ్మ. "వాడికెలా తెలుస్తుంది? ఊరికి దూరంగా ఎక్కడో బియ్యం మిల్లులో పడుండేవాడు. నీకని పైసా పైసా కూడబెట్టి పంపాడు. ఆ తెచ్చినవాడే చెప్పాడు నాతో, నీ పేరేంటని అడిగాడట."

నేను నోరు తెరిచాను. అమ్మమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. నా నోరు దానంతటదే మూసుకుంది. నా జన్మలో అలా మూసుకోవడం అదే మొదలు.

అమ్మ ఆ నోటు వొళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక ముక్కు చీదుకుని, తనలో తను అనుకున్నట్టుగా, "అయితే మంచివాడే పాపం," అంది.

"ఆఁ," అంది అమ్మమ్మ. "మంచోడే."